వార్తల్లో పదం: బిడ్ నమూనా

టెండర్ పడిన ప్రతిసారీ మొదటి నుంచి రాసుకోనక్కర లేకుండా గుత్తేదారు ముందే సిద్ధం చేసుకునే మూసే ‘బిడ్ నమూనా’. 1861లోనే పురపాలక సంఘమై, నేడు మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగమైన భీమునిపట్నంలో పెద్ద పని ఏదైనా టెండర్ దారినే రావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక కాగితాల కట్టలు తెరమీదికి మారాయి. అడిగేవి మాత్రం దాదాపు అవే: రిజిస్ట్రేషన్, పాన్, జీఎస్‌టీ, టర్నోవర్ ధ్రువపత్రం, పాత పనుల అనుభవం, ధరావతు. సాంకేతిక బిడ్‌లో తప్పనిసరి పత్రం ఒక్కటి తగ్గినా ధర కవరు తెరవకుండానే పక్కన పెట్టవచ్చు. అందుకే మారని భాగాన్ని ఒకసారి పకడ్బందీగా రాసి దాచుకోవడం లాభం.

మూస వస్తే బిడ్లన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటాయన్న అభ్యంతరంలో నిజం లేకపోలేదు. భీమునిపట్నం తీరపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. లోతట్టు ఊరికి రాసిన పని పద్ధతిని ఇక్కడ యథాతథంగా దించితే చెల్లదు. కాబట్టి మంచి నమూనా స్థలం, పద్ధతి, ధరల గడులను ఖాళీగానే వదులుతుంది; ఆదా అయిన సమయాన్ని వాటికే మిగులుస్తుంది. టెండర్ పిలిచేవారికీ మూసలున్నాయి: వస్తువుల కొనుగోలుకు కేంద్ర ఆర్థిక శాఖ 2021లో నమూనా టెండర్ పత్రం విడుదల చేసింది. అయితే గుత్తేదారు తన మూసను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి: గడువు తీరిన ధ్రువపత్రం దాగిన నమూనా కన్నా అసలు నమూనా లేకపోవడమే నయం.