సముద్రం మింగిన ఊళ్లో రెండు రోజులు

మాది బందరు. బందరు వాళ్లకు సముద్రం గురించి కొత్తగా చెప్పేదేముంది అంటారు గానీ, నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో ఆడవాళ్లెవరం మంగినపూడిలో మడమలు దాటి నీళ్లలో దిగింది లేదు. కార్తీక పౌర్ణమికి వెళ్లడం, ఒడ్డునే కూర్చుని చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకోవడం, వచ్చేయడం. 1977 నవంబరు ఉప్పెన నాటికి అమ్మ పదో తరగతి. దివిసీమలో వాళ్ల మేనత్త ఇంట్లో నలుగురు పోయారు. అప్పట్నించీ అమ్మ సముద్రం పేరెత్తదు. ఎత్తినా "దాన్ని నమ్మకూడదే" అంటుంది, అంతే.

అలాంటి అమ్మ కూతుర్ని నేను, పోయినేడాది సెప్టెంబరులో అలెగ్జాండ్రియాలో పడ్డాను. మా వారికి కైరోలో పది రోజుల ఆఫీసు పని. పిరమిడ్లు చూశాక ఇంకా రెండు రోజులు మిగిలితే, "రైలెక్కితే మూడు గంటల్లో మధ్యధరా సముద్రం" అన్నారు. సముద్రమా అని కాస్త జంకాను. ఊరి పేరు విని సరే అన్నాను.

క్రీస్తు పూర్వం 331లో అలెగ్జాండరు పునాది వేసిన రేవు పట్నం ఇది. మనకూ దీనికీ చుట్టరికం లేకపోలేదు. ఒకటో శతాబ్దంలో ఈజిప్టులో ఉండే గ్రీకు వర్తకుడొకడు సముద్ర వ్యాపారం గురించి 'పెరిప్లస్' అనే పుస్తకం రాశాడు. అందులో 'మసాలియా' అనే చోట సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని ఉంది. ఆ మసాలియా మన మచిలీపట్నం ప్రాంతమేనని పండితుల మాట. ఆ రోజుల్లో మన దేశపు సరుకు ఎర్ర సముద్రం రేవుల్లో దిగి, ఒంటెల మీద నైలు నదికి చేరి, పడవల్లో ఈ ఊరికొచ్చి, ఇక్కణ్నించి రోము వెళ్లేది. మా ఊరి బట్ట నాకంటే రెండు వేల ఏళ్లు ముందే ఈ ఊరు చూసిందేమో అనుకుంటే భలే గర్వమనిపించింది.

సముద్రం వెంట ఊరి పొడుగునా సాగే రోడ్డును కార్నిష్ అంటారు. సాయంత్రమైతే ఊరంతా అక్కడే. బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేవాళ్లను చూస్తే విశాఖ బీచే గుర్తొస్తుంది. అన్నట్టు, శాకాహారులు బెంగపడక్కర్లేదు. పెద్ద చిక్కుడు గింజలు నానబెట్టి, ఆకుకూరతో రుబ్బి, నూనెలో వేయించే 'తామియా' అచ్చం మన మసాలా వడకి అక్కలా ఉంటుంది. మా వారు మాత్రం ఐసు మీద పరిచిన చేపల్లో ఒకదాన్ని ఏరి, తూకం వేయించి, కళ్ల ముందే కాల్పించుకుని తిన్నారు.

మర్నాడు పొద్దున్నే కైత్‌బే కోట. 1477లో సుల్తాను కైత్‌బే కట్టించింది. అంతకు ముందు అక్కడ ఉన్నది, చిన్నప్పుడు ఏడు వింతల్లో బట్టీ పట్టామే, ఆ ఫారోస్ దీపస్తంభం. వంద మీటర్లకు పైగా ఎత్తుండేదట. 1303లోనూ 1323లోనూ వచ్చిన భూకంపాలకు కూలిపోయింది. దాని రాళ్లలో కొన్ని కోటలో కలిశాయి, ఇంకెన్నో నీళ్లలోనే ఉండిపోయాయి. 1994లో ఫ్రెంచి పురావస్తు బృందం కోట పక్కనే సముద్రంలో దిగి పెద్ద పెద్ద రాతి దిమ్మెలూ, విగ్రహాలూ కనుక్కుంది. క్లియోపాత్రా కాలం నాటి రాజమందిరాల పేట కూడా తూర్పు రేవు అడుగునే ఉంది. పైన చేపల పడవలు ఊగుతుంటే, కింద రాణిగారి వీధులన్నమాట.

ఈ ఊరికీ ఒక ఉప్పెన ఉందని నాకు అక్కడికి వెళ్లేదాకా తెలీదు. 365వ సంవత్సరం జులై 21న క్రీటు ద్వీపం దగ్గర భూకంపం వచ్చి, సముద్రం ముందు వెనక్కి వెళ్లి, తర్వాత ఊరి మీద పడింది. ఓడలు ఇళ్ల కప్పుల మీద తేలాయని ఆనాటి చరిత్రకారుడే రాశాడు. తర్వాత చాలా కాలం ఈ ఊళ్లో ఏటా ఆ రోజును తలచుకునేవారట. అది తెలిశాక నాకీ ఊరు పరాయిదనిపించలేదు. ఇప్పుడు కూడా కార్నిష్ వెంట చాలా చోట్ల పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మెలు పేర్చి అలల్ని ఆపుతున్నారు. చలికాలం తుపాన్లకు ఇక్కడి జాలర్లు పేర్లు పెట్టుకున్నారు. నవంబరులో వచ్చేదాని పేరు 'చీపురు'! అన్నీ ఊడ్చేస్తుందని.

పాత గ్రంథాలయం బూడిద కూడా మిగల్లేదు. 2002లో తెరిచిన కొత్తది మాత్రం సముద్రానికి ఎదురుగా, ఒరిగిన సూర్యబింబంలా ఉంది. దాని గ్రానైట్ గోడ నిండా ప్రపంచ లిపుల అక్షరాలు చెక్కారు. మన 'అ' కోసం మెడ నొప్పి పుట్టేదాకా వెతుకుతుంటే, మా వారు టీకని లాక్కుపోయారు. క్లియోపాత్రా కథ అందరూ చెబుతారు. ఇదే ఊళ్లో లెక్కలూ, ఖగోళమూ బోధించిన హైపేషియాను 415లో అల్లరిమూక చంపేసిన సంగతి, పాపం, మనం అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు.

ఇక సాయంత్రం బీచి. గొడుగులూ, ప్లాస్టిక్ కుర్చీలూ, థర్మాసులూ, పిల్లలూ. ఇసక కనపడితే ఒట్టు! ఆడవాళ్లు తలకి గుడ్డ కట్టుకుని, పొడుగు గౌన్లతోనే నడుం లోతు నీళ్లలో నిలబడి కేకలు వేస్తూ అలలకి ఎగురుతున్నారు. వాళ్లలో అరవై దాటినవాళ్లూ ఉన్నారు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, మామూలుగానే మడమల దాకా దిగి ఆగిపోయాను.

ఒక పెద్దావిడ నన్ను చూసి "తాలీ, తాలీ" అంది. నా చెయ్యి గబుక్కున మెడ మీదికి వెళ్లింది, తాళి ఊడిపోయిందేమోనని! ఆవిడ నవ్వి చెయ్యి చాచింది. వాళ్ల భాషలో 'రా' అనట, తర్వాత తెలిసింది. "హింద్?" అంది, అవునన్నాను. "అమితాబ్ బచ్చన్!" అని పక్కవాళ్లకి చెప్పింది. చెప్పులు మా వారి మీదికి విసిరేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మోకాళ్లు, తొడలు, నడుము. అల వచ్చినప్పుడల్లా ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కేది, పోయాక వదులు చేసేది. ఎంతసేపున్నామో తెలీదు. నా సల్వారు నీళ్లు పీల్చి రాయిలా బరువెక్కింది.

రాత్రి హోటల్నించి అమ్మకి ఫోను చేశాను. నడుం దాకా దిగానని చెప్పాను. తిడుతుందని ఎదురు చూశాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు.

"నీళ్లు చల్లగా ఉన్నాయిటే?" అంది.