పేరుకు వసంతం, గుణానికి ఖరీఫ్



2023 మార్చి మూడోవారం మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నం దాకా నడినెత్తిన ఎండ, సాయంత్రానికి ఉరుములు, గాలివాన, వడగళ్లు. బీదర్‌కు ఇవతల జహీరాబాద్, వికారాబాద్ ప్రాంతాల్లో నేలంతా తెల్లబడింది. మామిడి పిందె రాలింది, చేతికొచ్చిన పంట పాడయింది. మరికొద్ది రోజులకే, అంటే మార్చి 24న రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. ఇలాంటి వారం మనకు కొత్త కాదు. శీతాకాలం పోయి ఎండాకాలం వచ్చే సందులో ఏటా ఎంతోకొంత ఎదురయ్యేదే. బీదర్ ఊరు సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తున, పీఠభూమి మీద ఉంది. పగలు ఎండ ఎంత కాసినా తెల్లవారుజామున చలిగాలి తగులుతుంది.

ఈ రోజుల్లో ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతారు. "వానలో తడిశాడు, అందుకే జలుబు" అంటాం. అసలు సంగతి ఏమిటో చూద్దాం.

హకీములు ఏమన్నారు?

యూనానీ వైద్యంలో మనిషి ఆరోగ్యం ఆరు విషయాల మీద ఆధారపడుతుంది. వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి, తిండీ నీరూ, శరీర శ్రమ, విశ్రాంతి, మనసు కదలిక, నెమ్మది, నిద్ర, మెలకువ, ఒంట్లో నిలవాల్సింది నిలవడం, పోవాల్సింది పోవడం. వీటిలో మొదటిది గాలే.

రుతువుల్లో 'రబీ' అంటే వసంతం అన్నిటికన్నా సమశీతోష్ణమైనదని, 'ఖరీఫ్' అంటే ఆకురాలు కాలం అన్నిటికన్నా చెడ్డదని ఇబ్నె సీనా చెప్పారు. (రైతులు చెప్పే రబీ, ఖరీఫ్ పంటలతో దీన్ని కలపకండి.) ఖరీఫ్ ఎందుకు చెడ్డది? పగలు వేడి, రాత్రి చలి కాబట్టి. ఒకే రోజులో వేడీ చలీ మారుతుంటే, అది ఏ రుతువైనా సరే, ఖరీఫ్ రోగాలు వస్తాయని బుఖ్రాత్ ఏనాడో హెచ్చరించారు.

మన వడగళ్ల వారానికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది. క్యాలెండరులో వసంతం, గుణంలో ఖరీఫ్! చలికాలంలో పేరుకున్న బల్గం (కఫం) ఎండవేడికి కరిగి కదులుతుందని, అంతలోనే చలి తగిలితే నజ్లా, జుకాం, దగ్గు పుడతాయని హకీముల వివరణ. జలుబుకు వైరస్ కారణమని ఈనాటి వైద్యం తేల్చింది. అది చేతుల ద్వారా, తుమ్ముల ద్వారా, తలుపులు మూసిన గదిలోని గాలి ద్వారా అంటుకుంటుంది. కాబట్టి రెండు జాగ్రత్తలూ కావాలి. ఒంటిని కాపాడుకోవాలి, చేతులు కడుక్కోవాలి, వాన వెలిశాక కిటికీలు తెరవాలి.

ఒక్కసారిగా మార్చకండి

ఈ వారంలో ముఖ్య సూత్రం ఇదొక్కటే. మొదటి ఎండ కాయగానే దుప్పట్లు మూటగట్టి, ఫ్యాను కింద పడుకోకండి. పల్చటి దుప్పటి చేతికందేలా ఉంచుకోండి. చెమటతో ఇంటికి రాగానే ఫ్రిజ్ నీళ్లు తాగకండి, ఒళ్లు ఆరనివ్వండి. తడిసినవారు వెంటనే బట్టలు మార్చి తల తుడుచుకోవాలి.

కొన్ని సంవత్సరాల్లో రంజాన్ ఈ కాలంలోనే వస్తుంది. పగలంతా దప్పికతో ఉండి, ఇఫ్తార్‌లో ఐసు షర్బత్ గటగటా తాగేస్తాం. ఆ రాత్రే గొంతు పట్టేస్తుంది. ప్రవక్త (స) సున్నత్ ఖర్జూరం, మంచినీళ్లు. కుండ నీరు చాలు. ఆపై వేడి షోర్బా గానీ, అల్లం, మిరియాలు వేసిన పప్పుకట్టు గానీ తీసుకోండి. నూనె వంటకాలు తగ్గించండి. వాన పడ్డాక బావినీరు, బోరునీరు కాచి చల్లార్చి తాగండి.

ఇంట్లో చేసుకునే జోషాందా

పెద్దలకు బిహీదానా 3 గ్రాములు, ఉన్నాబ్ 5, సపిస్తాన్ (బంకనక్కెర) 9. మూడూ అత్తార్ దుకాణంలో దొరుకుతాయి. గ్లాసున్నర నీళ్లలో వేసి సగమయ్యేదాకా మరిగించి, వడగట్టి గోరువెచ్చగా ఉదయం, రాత్రి తాగాలి. బిహీదానా గింజలను నూరకూడదు, నమలకూడదు. ఇది గొంతు మంటకు, పొడిదగ్గుకు హాయినిస్తుంది. పిల్లలకు, గర్భిణులకు హకీమును అడగకుండా ఇవ్వకండి. అతిమధురం కలిపే అలవాటుంటే బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు మానుకోవాలి. లవూఖ్‌లు, ఖమీరాల్లో చక్కెర ఉంటుంది, షుగర్ రోగులు గమనించాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు.

ఇక్కడ ఆగవద్దు

చాలామంది మందుల దుకాణానికి వెళ్లి, "జలుబుకు రెండు మాత్రలివ్వండి" అని యాంటీబయాటిక్ తెచ్చుకుంటారు. వైరస్ జలుబుకు అది పనిచేయదు. రేపు నిజంగా అవసరమైనప్పుడు కూడా పనిచేయకుండా పోతుంది. ఉబ్బసం ఉన్న నానీమా, దాదాజాన్‌ల పీల్చే మందును జోషాందా తాగుతున్నామని ఆపకండి. గాలివాన రోజుల్లో ఉబ్బసం ఉన్నట్టుండి పెరగవచ్చు, మందు దిండు పక్కనే ఉంచండి.

జ్వరం మూడు రోజులు దాటినా, బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా, పెదవులు నీలమైనా ఇంటి వైద్యం చాలించి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో అది ఉచితం.

ఒంటెను ముందు కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది మన ప్రవక్త (స) బోధ. వాతావరణం మన చేతిలో లేదు. దుప్పటి, గ్లాసు, కిటికీ మన చేతిలోనే ఉన్నాయి. వాటిని సరిగా వాడుకుంటే ఇన్‌షా అల్లాహ్ ఈ వారం క్షేమంగా గడుస్తుంది.