రొమ్ము కాన్సరు: చికిత్సాక్రమమును పాటించిన ప్రాణము నిలుచును

రొమ్ము కాన్సరు నేడు మన దేశపు స్త్రీలలో అన్ని కాన్సరులకంటె ఎక్కువగా కనిపించుచున్నది. 2022లో భారతదేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలలో ఈ వ్యాధి కొత్తగా బయటపడెననియు, సుమారు 98,000 మంది దీనివలన మరణించిరనియు అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా. 2010-2014 మధ్య వ్యాధి బయటపడినవారిలో ఐదేండ్లు జీవించినవారు అమెరికాలో నూటికి 90 మంది; మన దేశమున లెక్కలు సేకరించిన ప్రాంతములలో 66 మంది మాత్రమే. ఆలస్యముగా వైద్యునికడకు పోవుట, చికిత్స పూర్తిగా అందకపోవుట ఈ వ్యత్యాసమునకు ముఖ్యకారణములు.

చికిత్సాక్రమ మనగానేమి?

వేలాది రోగులకు చేసిన చికిత్సల ఫలితములను పరిశీలించి, ఏ దశలో ఏమి చేయవలెనో నిపుణులు నిర్ణయించిన పద్ధతియే చికిత్సాక్రమము. మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 2016లో ఇట్టి క్రమమును ప్రకటించినది.

గడ్డను కోసి తీసివేయించిన చాలునని పలువురు తలంతురు. అది సరికాదు. మొదట సూదితో చిన్న ముక్క తీసి పరీక్షింపవలెను. కాన్సరు అయినచో అది ఎంతవరకు వ్యాపించినదో, హార్మోనులకు లోబడునదో కాదో తెలిసికొనవలెను. పిదపనే శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్, హార్మోను మాత్రలు, వీనిలో ఏవి ఏ వరుసలో అవసరమో నిర్ణయింతురు. అందరికిని అన్నియు అవసరము కావు. కాని ఒకరికి నిర్ణయించినవానిలో ఏదియు విడువరాదు. చేనిలో తుంగను పైపైన పీకివేసినను, గడ్డలు నేలలో నున్నచో మరల మొలచును గదా! దేహమున మిగిలిన కాన్సరు కణములును అట్టివే.

క్రమము తప్పిన కలుగు నష్టము

రొమ్ము కాన్సరు శస్త్రచికిత్స నాలుగు వారములు ఆలస్యమైన ప్రతిసారి మరణాపాయము సుమారు నూటికి 8 వంతులు పెరుగునని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. హార్మోనులకు లోబడు కాన్సరు గలవారు టామాక్సిఫెన్ మాత్రలు ఐదేండ్లు వాడినచో, 15 ఏండ్ల కాలములో ఈ వ్యాధి మరణములు సుమారు మూడవ వంతు తగ్గునని 2011లో మరియొక పరిశోధన నిరూపించినది. ఒంట్లో కులాసాగా నున్నదని రెండేండ్లకే మాత్రలు మానినవారికి ఈ లాభము పూర్తిగా దక్కదు.

లక్షణములతో మొదట వైద్యునికడకు పోయిన 60 దినములలో వ్యాధి నిర్ధారణ జరుగవలెననియు, నూటికి 80 మందియైనను చికిత్స పూర్తిచేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆరంభించిన కార్యక్రమము లక్ష్యముగా పెట్టుకొన్నది.

పంచాయతీల కర్తవ్యము

ఏన్కూరు వంటి అటవీ సరిహద్దు ప్రాంతములలో అడ్డంకులు వేరు. పత్తి తీత, మిరప కోత దినములలో ఆసుపత్రికి పోయిన కూలి పోవును. గడ్డ నొప్పి లేనిదని ఉపేక్షింతురు, పసరు కట్లతో నెలలు గడుపుదురు, సిగ్గుచేత దాతురు. నొప్పిలేని గడ్డయే కాన్సరు కావచ్చునని, ఇది అంటువ్యాధి కాదని పంచాయతీ సభ్యులు ప్రతి గూడెమునకు, తండాకు తెలియజేయవలెను.

30 ఏండ్లు దాటిన స్త్రీలను ఆరోగ్య ఉపకేంద్రమున ఏ.ఎన్.ఎం. చేత పరీక్ష చేయించుకొనునట్లు ప్రోత్సహింపుడు. హైదరాబాదులో 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి ప్రభుత్వ సంస్థయే. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకపు పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబమునకు ఏటా 10 లక్షల రూపాయలకు పెంచిరి. స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణమును ఆ నెలలోనే కల్పించిరి. ఈ సంగతులు తెలియక ఏ కుటుంబమును అప్పులపాలు కారాదు.

చికిత్సలో నున్న స్త్రీ తిరిగి ఆసుపత్రికి పోవలసిన తేదీని ఆశా కార్యకర్త గుర్తుంచుకొని ముందుగా హెచ్చరింపవలెను. తోడు పోవువారు లేకున్న, ఇంట పిల్లలను చూచువారు లేకున్న, సభ్యులు పూనుకొని ఏర్పాటు చేయవలెను. అయితే రోగి పేరు సభలలో ఎత్తరాదు. మందును వైద్యుడు ఇచ్చును. దానిని చివరివరకు వాడునట్లు చూచుట ఊరివారి చేతిలోని పని.