రక్తమిచ్చువారు కడుపు మాడ్చుకొనరాదు

కొన్నేండ్ల క్రిందట, నడివేసవిలో, దుమ్ముగూడెం వైపు నుండి ఒక యువకుడు అక్క ప్రసవ సమయమున రక్తమిచ్చుటకై భద్రాచలము వచ్చినాడు. ఇచ్చిన వెంటనే లేచి ఎండలో నడచి, బస్సు కొరకు నిలుచుండగా తెలివి తప్పి పడినాడు, నుదురు చిట్లినది. నా యొద్దకు తీసికొనివచ్చినప్పుడు అడిగితిని. "పుణ్యం పని గదా అయ్యా, ఉపాసముండి ఇచ్చిన" అన్నాడు. ఆ పిదప వారి గూడెమున రక్తమనగానే మగవారందరును ముఖము చాటుచేసిరి. సికిల్ సెల్ రక్తహీనత గల పిల్లలున్న ఈ మన్యమున అది చిన్న నష్టము కాదు.

సుశ్రుతాచార్యుడు శారీరస్థానమున సిరావ్యధకు ముందు యవాగువు, అనగా జావ, త్రావింపుమన్నాడు. మిక్కిలి భయపడినవానికి, అలసినవానికి, దప్పిగొన్నవానికి రక్తము సరిగా స్రవింపదనియు చెప్పినాడు. అది రోగికి చేయు చికిత్స. నేటి రక్తదానము వేరు. అయినను సొమ్మసిల్లుటకు కారణములు అవియే. భయము వలన, రక్తము తగ్గుట వలన గుండె వేగము మందగించి, నాళములు వదులై, రక్తము కాళ్లలో నిలిచి మెదడునకు చాలదు. మొదటిసారి ఇచ్చువారికి, పలుచని దేహము వారికి ఇది ఎక్కువ.

కావున రెండు మూడు గంటల ముందు భోజనము, అరగంట ముందు అర లీటరు నీరు లేదా ఉప్పు వేసిన మజ్జిగ తీసికొనవలెను. సూది ఉన్నంతసేపు తొడల కండరములను బిగించి వదలుచుండవలెను. పిదప పావుగంట కదలరాదు. కళ్లు తిరిగినచో ఉన్నచోటనే పరుండి కాళ్లు ఎత్తిపెట్టవలెను. మనవారు లేవనెత్తి కూర్చుండబెట్టి నోట నీళ్లు పోయుదురు, రెండును ప్రమాదమే. రెండు నిమిషములలో తెలివి రానిచో వైద్యుని పిలువవలెను. ఆ దినము తాటిచెట్టు ఎక్కరాదు, మోటారు సైకిలు నడుపరాదు, కల్లు ముట్టరాదు.

సూది గ్రుచ్చినచోట చేయి మడవక, చాచి ఐదు నిమిషములు దూదితో అదిమిపట్టవలెను. కమిలినచో చల్లని తడిగుడ్డ చాలును. వేడి నూనెతో మర్దనా చేయించుకొని వాపు పెంచుకొని వచ్చినవారిని పలువురిని చూచితిని. వాపు పెరిగినను, వ్రేళ్లు తిమ్మిరెక్కినను ఆసుపత్రికే పోవలెను.

పోయిన ద్రవము ఒకటి రెండు దినములలో నిండును. ఇనుము నిండుటకు నెలలు పట్టును. అందుకే పురుషులకు 90, స్త్రీలకు 120 దినముల ఎడము విధించిరి. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గినవారు ఇయ్యనే రాదు. మునగాకు, తోటకూర, నువ్వులు తినుచు, తోడుగా ఉసిరి వాడవలెను. భోజనముతో టీ వలదు. మండూర భస్మము మంచిదే గాని, వైద్యుని అడుగక అంగడిలో కొని మ్రింగునది కాదు.