సిరోంచ పెంకుటిండ్లు: చరిత్ర, నిర్మాణం, సంరక్షణ

వార్ధా, వైన్‌గంగా నదుల కలయికతో ఏర్పడిన ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఒక గట్టున కాళేశ్వర క్షేత్రం, ఎదుటి గట్టున సిరోంచ ఉన్నాయి. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న ఈ తాలూకాలో కార్యాలయ భాష మరాఠీ అయినా, అనేక గ్రామాలలో ఇంటి భాష తెలుగే. సిరోంచ, అంకీసా, అసరెల్లి ప్రాంతాల నుండి చదువుకో కొలువుకో నగరాలకు తరలివచ్చిన కుటుంబాలలో పలువురికి అక్కడ పూర్వుల పెంకుటిల్లు నేటికీ ఉన్నది. దానిని నిలుపుకోవడమా, పడగొట్టి కొత్తది కట్టుకోవడమా అనే ప్రశ్న వారందరి ముందూ ఉన్నది. ఆ నిర్ణయానికి ముందు ఆ ఇల్లు ఏ విధంగా కట్టినదో తెలుసుకోవడం మేలు.

మారిన ఏలుబడులు

1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ గట్టున ఉన్న తాలూకాలను ఆంగ్లేయులకు అప్పగించింది. సిరోంచ ముఖ్యపట్టణంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో ఆ జిల్లా రద్దయి, సిరోంచ చాందా జిల్లాలో తహసీలుగా చేరింది. 1956లో ఈ ప్రాంతం ద్విభాషా బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి ప్రత్యేక జిల్లా అయింది. ఇన్ని మార్పులలోనూ ఇండ్లు కట్టే పద్ధతి మాత్రం చాలాకాలం అదే విధంగా సాగింది. అందుకు కారణం అక్కడి మట్టి, అడవి, వాన.

గోడ, కొయ్య, కప్పు

ఈ ప్రాంతపు పాత ఇంటికి ముందు వాకిలి, వీధివైపు అరుగు, దర్వాజ దాటితే నడిమిల్లు, ఆ వెనుక వంటిల్లు, పెరడు ఉంటాయి. కలిగినవారి ఇండ్లలో నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగా ఉంటుంది. అటువంటి ఇంటిని తెలంగాణలో భవంతి అనీ, కోస్తాలో మండువా లోగిలి అనీ అంటారు. మరాఠీ వాడాలలో ఆ ఖాళీ జాగాకే చౌక్ అని పేరు.

గోడలు మట్టివి, మందం ఒకటిన్నర అడుగు మొదలు రెండడుగుల దాకా ఉంటుంది. మే నెల ఎండ వేడి ఈ మందాన్ని దాటి లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది. రాత్రి చల్లగాలికి గోడ మళ్ళీ చల్లబడుతుంది. పునాది అరుగును రాతితో ఎత్తుగా కట్టడం వాన నీరు మట్టిగోడ అడుగును తినకుండా ఉండటానికే. చూరును గోడ దాటి బాగా ముందుకు దించడం వెనుక ఉన్న ఆలోచన కూడా అదే.

అల్లాపల్లి, సిరోంచ అడవుల టేకు పేరుపొందినది. ఒకప్పుడు ఇక్కడి కలపను తెప్పలుగా కట్టి గోదావరి మీదుగా రాజమహేంద్రవరం వైపు పంపేవారు. టేకులోని సహజమైన నూనె వలన చెదలు దానిని త్వరగా పట్టవు. అనేక ఇండ్లలో కప్పు బరువును మోసేది గోడ కాదు, టేకు స్తంభాలు, దూలాలు. అందువలన ఒక గోడ కూలినా కప్పును నిలిపి ఉంచి, ఆ గోడను మాత్రమే తిరిగి కట్టుకోవచ్చు.

వాసాల మీద వెదురు బద్దలు పరచి గూనపెంకులు కప్పుతారు. కుమ్మరి సారెపై గొట్టంగా చేసిన మట్టిని నిలువునా రెండుగా కోస్తే రెండు పెంకులు వస్తాయి. ఒక వరుస వెల్లకిలా, దాని అంచుల మీద మరొక వరుస బోర్లా పరుస్తారు. సందుల గుండా వేడిగాలి బయటికి పోతుంది. కోతులు, పిల్లులు పెంకులను కదిలిస్తాయి కనుక ఏటా వానలకు ముందు వాటిని సర్దించాలి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ పెంకుల కర్మాగారం మొదలైన తరువాత దేశమంతటా వ్యాపించిన యంత్రపు పెంకులనే తెలుగువారు బెంగుళూరు పెంకులు అంటారు.

ఇల్లు దెబ్బతినే తీరు

మట్టిగోడ తేమను పీల్చి, మళ్ళీ గాలికి వదులుతుంది. దానిపై సిమెంటు పూత పూస్తే తేమ లోపలే నిలిచి, పూత పెచ్చులుగా ఊడుతుంది; లోపలి మట్టి మెత్తబడుతుంది. మట్టిగోడకు మట్టిపూతో సున్నపు పూతో తగినది. కాంక్రీటు స్లాబు బరువును మట్టిగోడపై మోపడం ప్రాణాపాయం.

2022 జూలైలో గోదావరి వరద సిరోంచ తాలూకా గ్రామాలను ముంచెత్తింది. రోజుల తరబడి నీటిలో నానిన మట్టిగోడ బయటికి నిలకడగా కనిపించినా అడుగున గుల్లబారి ఉండవచ్చు. వరద తాకిన ఇంటిని ఇంజినీరుకు చూపించకుండా అందులో నివసించరాదు. ప్రతి పాత ఇంటినీ నిలపడం సాధ్యం కాదు. ఏటా వరద చేరే తావులో ఎత్తైన చోటికి మారడమే క్షేమం.

దూరాన ఉన్న వారసులు చేయవలసినవి

పాత ఇల్లు కూలడానికి వాన ఎంత కారణమో, వారసుల మధ్య తేలని వాటాలు అంత కారణం. ఎవరిదో తేలని ఇంటి పెంకులను ఎవరూ సర్దించరు. కనుక ముందుగా పత్రాలు చూసుకోవాలి. సాత్‌బారా ఉతారా సాగుభూమికి సంబంధించినది. గ్రామంలోని ఇంటికి గ్రామపంచాయతీ ఇచ్చే నమునా ఆఠ్ ఉతారా కావాలి. సిరోంచ పట్టణంలోని ఇంటికి నగరపంచాయతీ పన్ను పత్రం చూడాలి. ఇవి పన్ను లెక్కలే గాని హక్కును తేల్చవు; అందువలన పాత దస్తావేజులను కూడా భద్రపరచాలి.

మరమ్మతు చేయించేవారు వేసవిలోనే పెంకులు సర్దించి, చూరు సరిచేయించి, నీరు గోడకు దూరంగా పారేలా కాలువ తీయించాలి. పడగొట్టక తప్పనివారు ముందుగా గదుల కొలతలు, ఫోటోలు తీసి ఉంచుకోవాలి. దర్వాజలు, దూలాలు కొత్త ఇంటికి పనికివస్తాయి. అయితే టేకును వేరే ఊరికి తరలించే ముందు అనుమతి అవసరమేమో అటవీశాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. ఇంటి భాగాలకు పెద్దలు వాడే పేర్లను కూడా ఆ ఫోటోల పక్కన తెలుగులో వ్రాసి ఉంచితే, నగరంలో పుట్టిన పిల్లలు ఆ ఇంటిని పోల్చుకోగలుగుతారు.