పసికందుకు రాత్రిని పరిచయం చేద్దాం

బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపిస్తాము. ఏడవ రోజున అఖీఖా జరిపి పేరు పెడతాము. ఆ సంతోషం సద్దుమణగక ముందే ఇంటిల్లిపాదికీ ఒక పరీక్ష ఎదురవుతుంది. పగలంతా ఆదమరచి నిద్రించిన పసికందు ఇషా నమాజు వేళకు కళ్ళు తెరుస్తుంది. ఫజ్ర్ వరకు ఉండి ఉండి ఏడుస్తూనే ఉంటుంది. "దిష్టి తగిలింది" అని ఒకరు, "తల్లి పాలు చాలడం లేదు" అని మరొకరు అంటారు. ఆ మాటల భారమంతా బాలింత మీదనే పడుతుంది.

నిజానికి ఇందులో తల్లి తప్పు గాని, బిడ్డ తప్పు గాని లేదు. రాత్రిని విశ్రాంతికి, పగటిని జీవనోపాధికి అల్లాహ్ ఏర్పరచిన సంగతి సూరా నబా మనకు గుర్తు చేస్తున్నది. అయితే గర్భంలోని చీకటి నుండి అప్పుడే వచ్చిన శిశువుకు ఈ తేడా ఇంకా తెలియదు. రేయింబవళ్ళను గుర్తించే గడియారం శిశువు శరీరంలో సాధారణంగా రెండు, మూడు నెలలకు గాని కుదురుకోదు. నవజాత శిశువు రోజుకు దాదాపు 16 గంటలు నిద్రించినా, ఆ నిద్ర రెండు మూడు గంటల ముక్కలుగానే సాగుతుంది. పొట్ట చిన్నది, తల్లి పాలు త్వరగా జీర్ణమవుతాయి. కనుక రోజుకు 8 నుండి 12 సార్లు పాలు పట్టవలసి ఉంటుంది. రాత్రి మేలుకోవడం వ్యాధి కాదు, బిడ్డ అవసరం.

అయినా మన ఇంటి అలవాట్లు ఈ ఇబ్బందిని మరింత పెంచుతాయి. నూజివీడు మామిడి సీమకు చేరువలోని ఉంగుటూరు వంటి ఊళ్ళను చూడండి. కోతల కాలంలో ఎండకు జడిసి పగలంతా తలుపులు, కిటికీలు మూసి, బాలింత గదిని చీకటిగా ఉంచుతారు. పొద్దు వాలాక ఇల్లు మేలుకుంటుంది. తోటల నుండి, మార్కెట్టు నుండి మగవారు వస్తారు. దీపాలు వెలుగుతాయి, టీవీ మోగుతుంది, బంధువులు బిడ్డను చేతులు మార్చుకుంటూ ఆడిస్తారు. పగలు చీకటి, రాత్రి వెలుగు! పసికందు నేర్చుకునే పాఠం అదే కదా!

ఈ పాఠాన్ని సరిదిద్దుదాం. ఎండ ముదరక ముందే బిడ్డను వసారాలోని వెలుతురులోకి తీసుకురావాలి. పగటి వేళ ఇంట్లో మాటలు, పనుల చప్పుళ్ళు మామూలుగానే సాగనివ్వాలి. ఇషా తర్వాత దీపాలు తగ్గించాలి. రాత్రి చిన్న దీపం వెలుగులోనే పాలు పట్టి, తడిబట్టలు మార్చి, ముచ్చట్లాడకుండా పడుకోబెట్టాలి. బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా, మెత్తలు, బొంతలు లేని చదునైన గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. నిద్ర కోసం నల్లమందు గాని, వైద్యుడు చెప్పని సిరప్ గాని ఇవ్వరాదు. అవి శ్వాసనే ఆపివేయగలవు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు కలత చెందుతుందని నమాజును తేలిక చేసేవారని హదీసులు తెలుపుతున్నాయి. తల్లి పట్ల ఆ దయ మన ఇళ్ళలో కనిపిస్తున్నదా? పాలు ఇవ్వడం తల్లి పని కావచ్చు. త్రేన్పు వచ్చే వరకు భుజాన వేసుకోవడం, బట్టలు మార్చడం తండ్రి చేయలేనివా? పగలు బిడ్డ నిద్రించినప్పుడు దాదీ, నానీ ఇంటిపని చూసుకుంటే బాలింత కూడా కునుకు తీయగలదు.

ఒక్క హెచ్చరిక. బిడ్డ లేపినా లేవక పాలు తాగకపోయినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా, ఊపిరి వేగంగా తీసినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా అది నిద్ర సమస్య కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి రావలసి ఉన్నది. సందేహాలను ఆమె ముందు ఉంచండి.

నలభై రోజులు నిండగానే బిడ్డ రాత్రంతా నిద్రించాలని ఆశించకండి. నెలలు గడిచే కొద్దీ రాత్రి నిద్ర సాగుతుంది. అంతవరకు ఆ మెలకువను ఇంటివారంతా పంచుకుందాం. అల్లాహ్ మన పసికందులకు ఆరోగ్యాన్ని, తల్లులకు ఊరటను ప్రసాదించుగాక! ఆమీన్.