యాప్‌లు తోసేస్తే ఫోన్ స్పీడవుతుందా?

వాడిన యాప్‌ని వెంటనే రీసెంట్స్‌లోంచి పైకి తోసేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాంతో ఫోన్ తేలికవుతుందనుకుంటాం. కానీ పక్కన పెట్టిన యాప్‌ని ఆండ్రాయిడ్ కావాలనే ర్యామ్‌లో ఉంచుతుంది. మళ్లీ నొక్కగానే చటుక్కున తెరుచుకోవాలి కదా! చోటు చాలకపోతే అవసరం తక్కువున్నవాటిని తనే తీసేస్తుంది. మనం తోసేస్తే అది మొదటి నుంచీ లోడవ్వాలి. టైమూ, బ్యాటరీ రెండూ ఖర్చు.

మా తమ్ముడిది 3 జీబీ ర్యామ్ ఫోన్. డిగ్రీ ఫీజు కట్టాల్సిన నెలలో కొత్తది కొనే మాటే లేదు. అందుకే మూడు పనులు చేశా. వాడని యాప్‌లు తీసేశా. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం చూసి, ఊరికే నడుస్తున్న షాపింగ్, గేమ్ యాప్‌లను 'రిస్ట్రిక్టెడ్'లో పెట్టా. పేరుకుపోయిన వాట్సాప్ వీడియోలు డిలీట్ చేశా. స్టోరేజ్ నిండిపోయినా ఫోన్ నత్తనడకే మరి. ఇప్పుడు మునుపంత విసిగించట్లేదు.

ఒక్క జాగ్రత్త. మెసేజ్, అలారం యాప్‌లను ఆపొద్దు. కాలేజీ గ్రూప్ కబురు ఆలస్యంగా అందొచ్చు, పరీక్ష రోజు అలారం మోగకపోవచ్చు. 'ర్యామ్ బూస్టర్' యాప్‌ల జోలికీ పోకండి. అవీ బ్యాక్‌గ్రౌండ్‌లో కూర్చునేవే, పైగా యాడ్స్ గోల!